తొమ్మిదో ఫారం

బైండరు బళ్ళో చదివింది మూడేళ్ళు. అక్షరాలు కూడబలుక్కుంటాడు. వత్తులొచ్చిన చోట బండి ఆగిపోతుంది. అంకెలు మాత్రం ఎంత పెద్దవైనా గడగడా చదివేస్తాడు. ఆయన పనికి అంకెలు చాలు. లైబ్రరీ వెనక గదిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు కూర్చుని, చిరిగిన పుస్తకాలు విప్పి, కుట్టి, కొత్త అట్టలు వేశాడు. వాటిల్లో ఏముందని ఎవరైనా అడిగితే "కాగితాలు" అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. ఉన్నమాటే చెప్పానని ఆయన ఉద్దేశం.

అయితే ఒక పుస్తకాన్ని జనం ఎలా చదివారో మాత్రం చెప్పగలిగేవాడు. వంటల పుస్తకంలో ఏ పేజీ దగ్గర చెయ్యి జిడ్డుగా ఉందో, పరీక్షల పుస్తకాన్ని ఏ పేజీ దగ్గర విసుగొచ్చి వదిలేశారో, ఏ పుస్తకాన్ని దిండు కింద దాచి చదివారో, వేలితో తడిమి చెప్పేవాడు. చెప్పమని అడిగేవాళ్ళు లేరు గనక చెప్పలేదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఆయన చేతికి వచ్చింది అక్కచెల్లెళ్ళ పుస్తకం. దానికి వేరే పేరుంది. అట్ట మీద బంగారు రంగులో ఆ పేరు కొట్టింది బైండరే. కానీ ఆ పేరుతో దాన్ని అడిగినవాళ్ళని ఆయన చూడలేదు. "అక్కచెల్లెళ్ళది ఉందా అండీ?" అనేవాళ్ళు. తల్లీ తండ్రీ లేని ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళని పెంచిన మేనత్త, ఆవిడ నడిపే గొడుగుల కొట్టు. పెద్దది కోపిష్టిది, నడిమిది అల్లరిది, చిన్నది పిరికిది. వాళ్ళు పెరిగి పెద్దవడమే కథ. రాసినావిడ ఎప్పుడో పోయింది. లైబ్రరీలో మూడు ప్రతులుంటే మూడూ ఎప్పుడూ ఎవరింట్లోనో ఉండేవి. రెండేళ్ళు తిరక్కుండా వెన్ను విరిగి, పేజీలు ఊడి, పుట్టింటికి వచ్చినట్టు వెనక గదికి వచ్చేవి. తల్లులు తాము చదివిన ప్రతినే తెచ్చి కూతుళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. నడిమిది పోయే చోట మరీ ఏడవకే అని ముందే చెప్పేసి మరీ ఇచ్చేవాళ్ళు. అలా చెబుతుంటే విన్నాడు బైండరు, ఆ ముగ్గుర్లో నడిమిది చచ్చిపోతుందని.

బైండరుకీ ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి రెండేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి ఐదేళ్ళున్న పెద్దమ్మాయి ఆ రోజునుంచే చెల్లెలికి జడ వెయ్యడం నేర్చుకుంది. చిన్నదాన్ని అందరూ బొంగరం అనేవాళ్ళు. ఒక్కచోట నిలబడేది కాదు. నిలబడమంటే నిలబడ్డచోటే తిరిగేది.

తొమ్మిదో ఏట బొంగరానికి కీళ్ళ జ్వరం వచ్చింది. కీళ్ళని వదిలింది గాని గుండెని పట్టుకుంది. డాక్టరు మూడు మాటలు చెప్పాడు. మంచం దిగకూడదు. పరిగెత్తకూడదు. మనసు కష్టపెట్టుకోకూడదు. మొదటి రెండూ మంచమే చూసుకుంది. మూడోది తండ్రి చూసుకోవాలి.

ఒకరోజు పెద్దమ్మాయి బడినుంచి వస్తూనే అడిగింది. "నాన్నా, అక్కచెల్లెళ్ళది తెస్తావా? నేనూ చదవలేదు. రోజూ ఇంత అని దీనికి చదివి వినిపిస్తా."

మంచం మీదనుంచి బొంగరం కూడా తల ఎత్తి చూసింది. కాదనే మొహం ఎక్కడిది? బైండరు సరేనని తల ఊపాడు.

ఆ పుస్తకం ఒక ప్రతి అప్పటికే ఆయన బల్ల మీద విప్పి ఉంది. మర్నాడు దాని ముందు కూర్చున్నాడు.

పుస్తకమంటే బైండరుకి ఫారాల లెక్క. పెద్ద కాగితం మీద ఇటు ఎనిమిది, అటు ఎనిమిది పేజీలు అచ్చు వేసి మడత పెడితే పదహారు పేజీల కట్ట అవుతుంది. అది ఒక ఫారం. అక్కచెల్లెళ్ళ పుస్తకం ఇరవై రెండు ఫారాలు. వాటిలో ఒకదాంట్లో నడిమిది చచ్చిపోతుంది. ఆ ఒక్కటీ తీసేసి మిగతావి కుడితే బొంగరం సుఖంగా వింటుంది. చావున్న కాగితాలు పోతే కథలో చావూ పోయినట్టే అని ఆయన ఆలోచన. అయితే ఏది తియ్యాలి?

అడిగితే పోయేది. ముందు గదిలోనే లైబ్రరీ అమ్మగారుంది. ఆవిడకి పుస్తకం నోటికి వచ్చు. నడిమిది పోయేది ఎక్కడండీ అని ఒక్క మాట. కానీ ఎందుకని ఆవిడ అడుగుతుంది. అప్పుడు బొంగరం సంగతి చెప్పాలి. చెబుతూ ఉండగా గొంతు ఏమవుతుందో ఆయనకి తెలీదు. దానికంటే ఇరవై రెండు ఫారాలూ వెతుక్కోవడం తేలిక అనిపించింది.

చదవబోతే మొదటి పేజీకే ఒక పూట పట్టేలా ఉంది. అందుకని తనకి తెలిసిన పద్ధతిలో వెతికాడు. ఒక్కో ఫారం చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమాడు. మొదటివీ చివరివీ నలిగి ఉన్నాయి, అది ఏ పుస్తకానికైనా మామూలే. తొమ్మిదోదాని దగ్గర చెయ్యి ఆగింది. నూట ఇరవై తొమ్మిదినుంచి నూట నలభై నాలుగు దాకా. పదహారు పేజీలూ మూలలు నల్లబడ్డాయి. అంచులు మెత్తబడి గుడ్డలా ఉన్నాయి. కన్నీళ్ళు పడితే కాగితం ఏమవుతుందో బైండరుకి తెలుసు. చుక్క చిన్నది, గుండ్రంది. ఆరాక మధ్యలో పొక్కులా లేస్తుంది. తొమ్మిదో ఫారం నిండా అవే పొక్కులు. కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుంటే అమ్మవారు పోసిన మొహంలా ఉంది. మిగతా రెండు ప్రతులు కుట్టింది కూడా ఆయనే. గుర్తు చేసుకున్నాడు. వాటిల్లోనూ నలిగింది తొమ్మిదో ఫారమే.

జనం ఏడ్చేది చావు దగ్గరే గదా. ఇంకేం కావాలి?

తొమ్మిదో ఫారం పక్కన పెట్టి, ఎనిమిదోదాని మీద పదోది పెట్టి కుట్టాడు. జిగురు రాసి, గుడ్డ అంటించి, కొత్త అట్టలు వేశాడు. తీసిన ఫారాన్ని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. గోధుమరంగు కాగితంలో చుట్టి, సూదులూ దారాలూ పెట్టుకునే రేకు డబ్బా అడుగున దాచాడు.

రోజూ బడినుంచి వచ్చి, మొహం కడుక్కుని, పెద్దమ్మాయి మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేది. మూడడుగుల దూరంలో బైండరు ఇంటికి తెచ్చుకున్న కుట్టుపని ముందేసుకుని కూర్చునేవాడు. చేతిలో సూది ఆడేది, చెవులు అక్కడ ఉండేవి. పెద్దమ్మాయి గొంతు మార్చి మార్చి చదివేది. మేనత్త అంటే ముక్కుతో, పెద్దక్క అంటే పళ్ళు నూరుతూ. ఇవాళ్టికి చాలు అన్నప్పుడల్లా బొంగరం ఇంకొక్క పేజీ అని బతిమాలేది. ఆ ఒక్క పేజీ ఎప్పుడూ మూడు పేజీలయ్యేది.

ఎనిమిదో ఫారం చివరికి వచ్చారు. నూట ఇరవై ఎనిమిదో పేజీ ఆఖరి వాక్యం సగంలో ఆగింది. పెద్దమ్మాయి పేజీ తిప్పి, ఊపు మీద ఉంది గనక చూసుకోకుండా చదివేసింది. "ఆ రోజు పొద్దున్నే ముగ్గురూ లేచేసరికి మూసి, తలుపు దగ్గర ఆరబెట్టింది."

ఒక్క క్షణం ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. బొంగరం అడిగింది. "ఎవర్నక్కా ఆరబెట్టింది? ముగ్గుర్నీనా?"

ఇక నవ్వు. బొంగరం ఆయాసం వచ్చేదాకా నవ్వింది. దాన్ని ఆపబోయి పెద్దమ్మాయి నవ్వింది. ఆ నవ్వు చూసి బైండరు కూడా తల వంచుకుని నవ్వాడు. ఆ తరవాత రోజూ పొద్దున బొంగరం కళ్ళు తెరవగానే, "నేను లేచా, నన్ను ఆరబెట్టండి" అనేది.

నవ్వులయ్యాక పెద్దమ్మాయి అంకెలు చూసింది. నూట ఇరవై ఎనిమిది తరవాత నూట నలభై ఐదు. నాన్నా, పేజీలు లేవు అంది. పాత పుస్తకం, ఎక్కడో ఊడిపోయుంటాయి అన్నాడు బైండరు. అంత పొడుగు అబద్ధం ఆయన అంతకుముందు ఆడలేదు.

కొన్నాళ్ళకి కథలో ఒకచోట చిన్నది నడిమిదానితో, "గొడుగుల రోజున అనుకున్నట్టే చేద్దాం" అంటుంది. బొంగరం పట్టేసింది. గొడుగుల రోజేంటి, ఆ రోజు ఏమైంది, ఏమనుకున్నారు? అది పోయిన పేజీల్లో ఉంటుందే అంది అక్క. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. బైండరు వింటూనే ఉన్నాడు. సూది ఆపలేదు. ఆ ఒక్క ముచ్చట పోతే పోయింది, బదులుగా నడిమిది బతుకుతుంది గదా అనుకున్నాడు.

నిజంగానే బతికింది. ఒక సాయంత్రం కథలో నడిమిదానికి జ్వరం వచ్చింది. అక్కడ పెద్దమ్మాయి చదవడం ఆపి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. మళ్ళీ కూర్చుని చదివింది. జ్వరం దిగింది, నడిమిది లేచి కూర్చుని గంజి అడిగింది. బైండరు ఊపిరి పీల్చుకున్నాడు. తన లెక్క తప్పలేదు. ఆ తరవాత చివరిదాకా ముగ్గురూ ఉన్నారు. ఆఖరి పేజీలో ముగ్గురూ కలిసి కొట్టు తలుపులు తెరిచారు. బొంగరం చప్పట్లు కొట్టి, మళ్ళీ మొదటినుంచి చదవమంది.

రెండోసారి మొదలుపెట్టారు. మధ్యలో ఒక పొద్దున బొంగరం తండ్రిని దగ్గరికి పిలిచింది. "నాన్నా, ఈసారి ఆ పేజీలు వచ్చేలోపు వెతికి పెడతావా? లైబ్రరీలో కింద ఎక్కడో పడుంటాయి."

"చూద్దాం" అన్నాడు.

రేకు డబ్బా ఆ మాట అన్నప్పుడు ఆయన ఒళ్ళోనే ఉంది.

అవి వచ్చేలోపే, ఐదో ఫారంలో ఉండగా, ఒక మధ్యాహ్నం బొంగరం ఆగిపోయింది. పెద్దమ్మాయి బళ్ళో ఉంది.

బైండరు ఆ ప్రతి పోయిందని చెప్పి, లైబ్రరీకి కొత్తది కొనిచ్చాడు. పుస్తకాన్నీ ఫారాన్నీ ఒకే డబ్బాలో పెట్టి మూత పెట్టాడు. తండ్రీ కూతుళ్ళు ఆ పుస్తకం మాట మళ్ళీ ఎత్తలేదు. ఏ మాటా పెద్దగా ఎత్తలేదు. అన్నానికి రా, గొడుగు తీసుకెళ్ళు, అల్లుడు ఫోన్ చేశాడా, ఇంతే. తండ్రి పొదుపు మాటలే కూతురికి వచ్చాయనుకున్నారు చూసినవాళ్ళు.

ముప్ఫై నాలుగేళ్ళు గడిచాయి. పెద్దమ్మాయి ఇప్పుడు కళ్ళద్దాల కొట్లో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ కళ్ళకి ఒక్కో అద్దం మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని రోజంతా అడుగుతుంది. ఇంటికొచ్చాక అడగడానికేం మిగలదు. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. పన్నెండేళ్ళ కూతురుంది. ఇంట్లో ఇద్దరు మాట్లాడనివాళ్ళకి సరిపడా అదొక్కతే మాట్లాడుతుంది గనక దాని పేరు రేడియో. చిన్నప్పుడు కథ చదివి వినిపించమ్మా అని అడిగితే తల్లి గొంతు నొప్పి అనేది. ఏళ్ళ తరబడి ఆ గొంతు నొప్పి తగ్గలేదు. అమ్మకి పుస్తకం చూస్తేనే జలుబు చేస్తుంది అని రేడియో అందరికీ చెప్పేది.

ఒకరోజు మధ్యాహ్నం బైండరు నిద్ర లేచి వస్తే, రేడియో మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుతోంది. ఒళ్ళో పుస్తకం. అట్ట చూడగానే గుర్తుపట్టాడు. లైబ్రరీ పాత ప్రతుల్లో ఒకటి. వెన్ను మీద గుడ్డ మడత ఆయనదే. అంత శుభ్రంగా ఇంకెవరూ మడవరు.

పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "నడిమిది పోయిందా?" అన్నాడు.

రేడియో ఏడుపు మానేసి ఆయన్ని వింతగా చూసింది. "నువ్వు చదివావా తాతా?"

"విన్నా."

"ఇంకా పోలేదు. ఇక్కడ ఎవరూ పోరు. ఇది గొడుగుల రోజు."

బైండరు చెయ్యి మెట్టు అంచు పట్టుకుంది.

రేడియోకి ఎవరైనా వినేవాళ్ళు దొరికితే చాలు. చెప్పుకుపోయింది. ఆ రోజు వాళ్ళు లేచేసరికి ఒకటే వాన. మేనత్త ఊరెళ్ళింది. ఇంటి కప్పు కారుతోంది. ముగ్గురూ కొట్లోకి పోయి, అమ్మకానికి పెట్టిన గొడుగులన్నీ తెచ్చి ఇంట్లో తెరిచేశారు. నలభై గొడుగులు. ఒక్కో గొడుగు ఒక్కో ఇల్లు. ఒకళ్ళింటికి ఒకళ్ళు చుట్టపు చూపుగా వెళ్ళడం, మీ ఇల్లు కారుతోందండీ అని వెక్కిరించుకోవడం, పెద్దయ్యాక కూడా ఇలాగే పక్కపక్కన ఉందాం అనుకోవడం. రోజంతా అదే ఆట. ఇంకేం జరగదు.

"మరెందుకు ఏడుపు?"

"మూడోసారి తాతా చదవడం. మొదటిసారి పడీ పడీ నవ్వా. ఇప్పుడు నాకు తెలుసుగా, నడిమిది ఉండదని. వాళ్ళకి తెలీదు. ఇళ్ళు కట్టుకుని ఆడుకుంటున్నారు." మళ్ళీ ముక్కు చీదింది. "అందరూ ఇక్కడే ఏడుస్తారు. మా క్లాసులో ఎవర్నైనా అడుగు."

"పోయే చోట ఏడవరా?"

"అక్కడ ఏముంది, ఒక్క పేజీ. గబుక్కున తిప్పేస్తాం."

ఆ పేజీ అంకె అడిగాడు. తిప్పి చూపించింది. రెండొందల అరవై ఒకటి. బైండరు కాగితం మీద వేలు పెట్టాడు. నున్నగా, చల్లగా, నిన్న అచ్చయినట్టుంది. పదహారుతో లెక్క వేసుకున్నాడు. పదిహేడో ఫారం.

ఆ పదిహేడో ఫారాన్ని ఆయన సొంత చేతులతో కుట్టి పెద్దమ్మాయి చేతికిచ్చాడు.

ఇక ఆ పూట ఆయనకి ఏదీ తోచలేదు. నడిమిది గంజి అడగడం తన చెవులతో విన్నాడు. కొట్టు తలుపులు తెరవడం విన్నాడు. పుస్తకంలో చావు ఉంటే పెద్దమ్మాయి చదివింది ఏమిటి? ఎటు తిప్పి చూసినా ఒక్కటే తేలింది. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. మంచినీళ్ళకని లేచి వెళ్ళింది.

సాయంత్రం పెద్దమ్మాయి కొట్టునుంచి వచ్చి, వంటింట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. బైండరు రేకు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గోధుమరంగు కాగితం విప్పాడు. ఆమె వంగి చూసింది. నూట ఇరవై తొమ్మిది అన్న అంకె మీద చూపు ఆగింది. చేతులు కొంగుకి తుడుచుకుంది గాని ముట్టుకోలేదు.

"ఇదెక్కడిది?"

"నేనే తీశాను."

అప్పుడు చెప్పాడు. డాక్టరు మాట, కన్నీటి పొక్కులు, ఎవర్నీ అడక్కపోవడం, ఊడిపోయుంటాయని అనడం, ఇవాళ మెట్ల మీద రేడియో చెప్పింది, అన్నీ. ఇన్ని మాటలు ఆయన తన పెళ్ళిలో కూడా మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్ళు నమిలాడు. ఆమె అందించలేదు, అడ్డు రాలేదు.

అంతా అయ్యాక పెద్దమ్మాయి తన సంగతి చెప్పింది. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు రెండు వరసలు ముందుకెళ్ళి చూశాయట. చూశాక నోరు రాలేదట. నీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడి, ఏం చెప్పాలో అప్పటికప్పుడు అల్లుకుందట. అక్కడితో తీరలేదు. నడిమిది బతికింది గనక తరవాత ప్రతి పేజీలోనూ దాన్ని పెట్టుకుంటూ పోవాలి. ఇద్దరు మాట్లాడుకునే చోట ముగ్గురు మాట్లాడాలి. రోజూ బడిలో కూర్చుని సాయంత్రానికి నడిమిదాని మాటలు తయారుచేసుకునేదట.

"చెల్లెల్ని మోసం చేశాననుకున్నా ఇన్నాళ్ళూ. నువ్వు వింటున్నావు గనక నిన్ను కూడా" అంది.

బైండరు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"అది అడుగుతూనే ఉంది నాన్నా. గొడుగుల రోజు ఏమైందని. నేను ఒక అబద్ధమే మొయ్యలేక మోస్తున్నా, ఇంకోటి అల్లలేకపోయా. తెలీదే అన్నా. పోయేదాకా తెలీదే అన్నా. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"విన్నావు."

"విన్నాను."

"డబ్బాలో పెట్టుకుని విన్నావు."

పెద్దమ్మాయి లేచి, పెరట్లో ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్ళింది. నాలుగు జతల బట్టలు తియ్యడానికి ఎంతసేపు పడుతుంది? చీకటి పడ్డాక గాని లోపలికి రాలేదు. చిక్కుళ్ళు రేడియో ఒలిచింది.

తరవాత రెండు రోజులు అన్నానికి రా అనే మాట కూడా రేడియోయే మోసింది. ఈ ఇంట్లో కరెంటు పోయిందా ఏంటి, ఒక్క స్టేషనే పలుకుతోంది అని అది జోక్ వేసింది. ఎవరూ అందుకోలేదు.

సెలవు రోజు పొద్దున బైండరు పాత ప్రతిని బల్ల మీద పెట్టి విప్పాడు. తను వేసిన అట్టలు తనే కోశాడు. తను కుట్టిన దారం తనే తెంపాడు. ఎనిమిదో ఫారానికీ పదోదానికీ మధ్య చోటు చేసి, తొమ్మిదోదాన్ని పక్కన పెట్టుకున్నాడు. ఎవరి కోసం అని అడిగితే చెప్పలేడు. పుస్తకం అలా ఉండకూడదు, అంతే. సూదిలో దారం ఎక్కించబోయాడు. దారం కొన తడిపాడు, కిటికీ వైపు తిరిగాడు, కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. సూది బెజ్జం ఉన్నచోట ఉండడం లేదు. అరగంట అలాగే కూర్చున్నాడు.

వెనకనుంచి చెయ్యి వచ్చి సూది తీసుకుంది. పెద్దమ్మాయి దారం ఎక్కించి, ముడి వేసి, ఆయన చేతికి ఇవ్వకుండా తన జాకెట్టుకి గుచ్చుకుంది.

"కుట్టాక పేజీ సరిగ్గా విచ్చుకోదు. ముందు ఒకసారి చదువుతా" అంది.

పీట తెచ్చుకుంది. బల్ల దగ్గర వెయ్యలేదు. కిటికీ కింద, ఒకప్పుడు మంచం ఉండేచోటికి దగ్గరగా వేసుకుని కూర్చుంది. ఇప్పుడక్కడ కుట్టుమిషను ఉంది. తొమ్మిదో ఫారం ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

మొదటి పేజీ కూడబలుక్కున్నట్టు చదివింది. రెండో పేజీలో పెద్దక్క మాట వచ్చేసరికి, తనకి తెలీకుండానే పళ్ళు నూరింది. మేనత్త పెట్టిపోయిన ఉత్తరం ముక్కుతో చదివింది. రేడియో గుమ్మంలోకి వచ్చి నిలబడి, నోరు తెరిచి చూస్తోంది. ఈ గొంతు తన తల్లి దగ్గర ఉందని దానికి తెలీదు. బైండరు చేతులు ఖాళీగా ఉన్నాయి. కుట్టుపని లేకుండా ఆ గొంతు వినడం ఆయనకిదే మొదటిసారి. ఎటు చూడాలో తెలీక కుట్టుమిషను వైపు చూస్తూ కూర్చున్నాడు.

వాన పడింది. నలభై గొడుగులూ తెరుచుకున్నాయి. ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళారు. మీ ఇల్లు కారుతోందండీ అనుకున్నారు. పెద్దయ్యాక కూడా పక్కపక్కనే అనుకున్నారు. నడిమిది తన గొడుగులో పడుకుని, నా ఇంటికి తలుపు లేదు, ఎప్పుడైనా రావచ్చు అంది. అక్కడ పెద్దమ్మాయి ఆగింది. మంచినీళ్ళకి లేవలేదు. కాసేపుండి మళ్ళీ చదివింది.

వాన తగ్గింది. గొడుగులన్నీ మూసేశారు. నూట నలభై నాలుగో పేజీ ఆఖరి వరసలకి వచ్చింది.

"నడిమిది మాత్రం తన గొడుగు మూయనివ్వకుండా అందులోనే నిద్రపోయింది. చివరికి పెద్దక్కే లేచి, దాని నిద్ర చెడకుండా ఆ గొడుగుని మెల్లగా"

ఫారం అక్కడికి అయిపోయింది. మిగతా సగం వాక్యం పదో ఫారంలో ఉంది. అది బల్ల మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. పెద్దమ్మాయి అటు చూడలేదు.

"మూసి, తలుపు దగ్గర ఆరబెట్టింది" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పదహారు పేజీలూ సమంగా మడిచి, గోటితో మడత మీద ఒకసారి రాసి, తండ్రి ముందు పెట్టింది. జాకెట్టునుంచి సూది తీసి ఆయన వేళ్ళ మధ్య ఉంచింది. కుట్టు పూర్తయ్యేదాకా ఆయన మణికట్టు పట్టుకునే ఉంది.